బొట్టు పెట్టిన యుద్ధబండ్లు

బండిని తయారు చేయడానికి రెండు రోజులు పడితే, దాన్ని పాతదిగా కనిపించేట్టు చేయడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈ ముక్క ఇంట్లో ఉన్న ఇద్దరాడవాళ్లకు మధుకర్ ఎన్నోసార్లు చెప్పాడు. తల్లి మల్లవ్వ వినీ విననట్టు ఊకొట్టేది. భార్య రజని నవ్వేది. శుభ్రంగా మెరుస్తున్న వస్తువుకు పనిగట్టుకుని తుప్పు పట్టించడమేమిటో, మట్టి పూయడమేమిటో, దాని కోసం హైదరాబాదులో చదువుకున్న మనుషులు కాచుకుని కూర్చోవడమేమిటో వాళ్లకు అంతు పట్టలేదు. అంతు పట్టకపోతే పోయింది, ముట్టుకోకపోతే చాలనుకున్నాడు మధుకర్. అక్కడే దెబ్బ తిన్నాడు.

కోరుట్లలో బీడీ కార్ఖానా వెనక సందులో వాళ్ల ఇల్లు. ముందుగదిలో కిటికీ కింద బల్ల, బల్ల మీద వరుసగా పన్నెండు యుద్ధబండ్లు. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. మూడు నెలల కిందట ఇవన్నీ అంతరిక్ష నౌకలు. సిరిసిల్లలో మూతబడ్డ ఒక ఫ్యాన్సీ స్టోర్ అటక మీద డబ్బాల్లో పడి ఉన్నాయి. డబ్బా మీద నల్లని ఆకాశం, చుక్కలు, మధ్యలో నిప్పులు కక్కుతూ దూసుకుపోయే నౌక బొమ్మ. లోపల విడివిడి ప్లాస్టిక్ ముక్కలు, వాటిని ఎట్లా అతికించాలో చెప్పే కాగితం. పాతికేళ్ల కింద బొంబాయి నుంచి వచ్చిన సరుకు అది, కొనుక్కునే పిల్లలు ఆ ఊళ్లో దొరకలేదు.

మధుకర్ ఆ కాగితాన్ని చదవను కూడా చదవడు. నౌకను బోర్లా వేసి రెక్కలు రంపంతో కోసేస్తాడు. ఆ రెక్కలే బండి పక్కలకు అడ్డురేకులవుతాయి. నడిపేవాడు కూర్చునే గాజు గుమ్మటాన్ని సాండ్ పేపర్‌తో రుద్ది, బెజ్జం వేసి, బాల్‌పెన్ను రీఫిల్ గుచ్చితే ఫిరంగి. పాత బ్యాగుల జిప్పులు కత్తిరించి చక్రాల చుట్టూ తిప్పితే ట్యాంకు గొలుసు. ఇంజను జాలీకి సిరిసిల్లలో మూలపడ్డ మరమగ్గాల సన్నని ఇనుప పళ్లు సరిగ్గా సరిపోతాయి. ఎగరాల్సింది కాస్తా నేల మీద పాకడం మొదలుపెడుతుంది.

ఆ తర్వాత అసలు పని. అంచుల్లో రంగు లేచిపోయినట్టు స్పాంజితో అద్దాలి. మేకులు నానబెట్టిన నీళ్లతో తుప్పు చారలు దించాలి. ఇటుకపొడి, సుద్దపొడి, దీపపు మసి కలిపి, పొడి కుంచెతో సందుసందుకూ దులపాలి. ఊపిరి గట్టిగా వదిలినా లేచిపోయే దుమ్ము అది. చివర్న పైన వార్నిష్ కొడితే నిలుస్తుంది. కానీ నాలుగు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. తేమలో వార్నిష్ కొడితే తెల్లగా పాలిపోయి చేసినదంతా బూడిదవుతుంది. కాబట్టి మధుకర్ వాన తెరిపివ్వడం కోసం చూస్తున్నాడు. తలుపు వేసేటప్పుడు కూడా చప్పుడు కాకుండా వేస్తున్నాడు.

వీటిని అడిగినవాడు అరుణ్. హైదరాబాదులో ఉద్యోగం, జగిత్యాలలో అత్తగారిల్లు. ఆదివారాలు తనలాంటి వాళ్లను కూడగట్టి పెద్ద బల్ల మీద గుట్టలు, కూలిన గోడలు పేర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధాలాడతాడు. ఆ యుద్ధాలకు ఎవరి దగ్గరా లేని బండ్లు కావాలి. దసరాకు జగిత్యాల వస్తున్నానని, మర్నాడు బండ్లు చూస్తానని, బాగుంటే ఇక ఏడాది పొడుగునా పని చేతినిండా ఇస్తానని చెప్పాడు. బాగుండకపోతే ఏమిటో ఆయన చెప్పనక్కర్లేదు. షార్జా వీసా వచ్చి కూర్చుంది. సోమవారం లోపు పాస్‌పోర్టు తెచ్చి ఇవ్వాలని జగిత్యాల ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు.

మధుకర్‌కు షార్జా పోవాలని లేదు. ఏడేళ్లు అక్కడ ఒక నేలమాళిగలో కట్టబోయే భవనాలకు నమూనాలు చేశాడు. గోరంత కిటికీలు, అగ్గిపుల్లంత చెట్లు. చేతికి పని వచ్చింది కానీ ఆ ఏడేళ్లూ మనిషిగా ఉన్నట్టు ఆయనకు గుర్తులేదు. వచ్చి పద్నాలుగు నెలలైంది. పొద్దున లేచి ఇంట్లోవాళ్ల మాటలు వినడం ఇంకా కొత్తగానే ఉంది. ఇవి అరుణ్‌కు నచ్చితే ఉంటాడు, నచ్చకపోతే పోతాడు. అంతే సంగతి.

దసరా నాడు పొద్దున్నే సిరిసిల్ల నుంచి రాజమల్లు ఫోన్ చేశాడు. ఫ్యాన్సీ స్టోర్ ఆయనదే. అటకలో ఇంకో అట్టపెట్టె దొరికిందని, గోడౌను ఖాళీ చేసి తాళాలు ఇచ్చేస్తున్నానని, మధ్యాహ్నం లోపు వస్తే ఇస్తానని, లేకపోతే చెత్తబండిలో వేస్తానని అన్నాడు. పండుగ పూట ఏంటని రజని సణిగింది. ఆ కిట్లు ఇంకెక్కడా దొరకవని చెప్పి మధుకర్ వేములవాడ మీదుగా పోయే బస్సెక్కాడు.

బస్సు అద్దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. డ్రైవరు స్టీరింగుకు కూడా బొట్టు. దారిలో ట్రాక్టర్లు, జేసీబీలు, ఆటోలు అన్నీ స్నానాలు చేసి బొట్లు పెట్టుకుని నిలబడ్డాయి. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయి సందులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. తెరిచిన తలుపుల్లోంచి మగ్గాలకు వేలాడే దండలు, ఇనుప చట్రాల మీద నిలువుగా దిద్దిన పసుపు కనిపించాయి. వీటన్నిటినీ మధుకర్ చూశాడు. చూస్తూ కూడా, ఇంట్లో బల్ల మీద పన్నెండు బండ్లున్నాయన్న ఆలోచన ఆయన బుర్రకు తట్టలేదు. ఏ తుప్పు చార ఎక్కడుందో గుర్తుండే మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

రాజమల్లు ముసలివాడు, ఓపిగ్గా అట్టపెట్టె దుమ్ము దులిపి ఒక్కో డబ్బా తీసి చూపించాడు. పద్నాలుగున్నాయి. జిగురు గొట్టాలు ఎండిపోయాయి, అంటించే బొమ్మలు పచ్చబడ్డాయి, ప్లాస్టిక్ మాత్రం గట్టిగా ఉంది. తన పెద్దకొడుకు చిన్నప్పుడు ఒక్క డబ్బా అయినా విప్పనివ్వమని ఏడ్చేవాడని, సరుకు కదా అని విప్పనివ్వలేదని, ఇప్పుడు అనవసరంగా గుర్తొస్తోందని చెప్పాడు. మధుకర్ డబ్బాలు సర్దుకున్నాడు. బయటికి వచ్చేసరికి ఎండ కాస్తోంది. సాయంత్రానికి వార్నిష్ కొట్టవచ్చని సంబరపడ్డాడు.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. గుమ్మం ముందు స్కూటర్ కడిగి ఉంది, హెడ్‌లైటుకు బంతిపూలు. లోపల పీట మీద రజని కుట్టుమిషను, బీడీల కత్తెరలు, కూరగాయల కత్తి, సుత్తె. గోడకు మేకు మీద తండ్రి బుచ్చన్న కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేటప్పుడు నడుముకు కట్టుకున్న పట్టీ, ముత్తాదు. ఆ మనిషి చెట్టు మీంచి పడి పోయి ఇరవై రెండేళ్లయినా ఏటా దానికి బొట్టు తప్పదు. ఆ పక్కన కొత్త తువ్వాల పరిచి, దాని మీద వరుసగా పన్నెండు బండ్లు.

ఒక్కదాని మీదా దుమ్ము లేదు. తుప్పు చారల్లేవు. ఆకుపచ్చ రంగు తడితడిగా మెరుస్తోంది. సందుల్లో, గొలుసుల అడుగున మాత్రం తుడిచే వేలికి అందని మట్టి కాస్త మిగిలింది. ప్రతి బండి ముక్కు మీదా అడ్డంగా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. తడి మీద పెట్టడంతో ఒకటి రెండింటికి కుంకుమ కొంచెం కిందికి జారింది.

మల్లవ్వ మెచ్చుకుంటాడని చూస్తోంది. పండుగ చీర కట్టుకుంది. "మూన్నెల్ల సంది పని చేస్తివి, దుమ్ము గూడ తుడవకపోతివి కొడుకా," అంది. "దసరానాడు పనిముట్లను గట్ల ఉంచద్దు. అన్నిటిని మంచిగ కడిగిన."

మధుకర్ చేతిలోని అట్టపెట్టె కింద పెట్టాడు. ఒక బండిని తీసి వెలుగులో చూశాడు. వార్నిష్ లేని రంగు ఎండు రొట్టెలా తడిని పీల్చుకుంది. దానితోపాటు పసుపూ కుంకుమా లోపలికి పోయాయి. గుడ్డతో రుద్దితే బొట్టు పోలేదు, చుట్టూ ఎర్రగా పాకింది. మరోదాన్ని తీశాడు. అదీ అంతే. రేపు పొద్దున జగిత్యాల, ఎల్లుండి సోమవారం, పాస్‌పోర్టు.

"ఎవలు ముట్టమన్నరే నిన్ను," అన్నాడు.

"బొట్టు వెట్టుడు ముట్టుడెట్లయితది. నీ చెయ్యి సల్లగుండాలని..."

అప్పుడన్నాడు మధుకర్ ఆ మాట. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే కోపంలో అన్నాడని సరిపెట్టుకోవచ్చు. గోడ మేకు వైపు చూపించి, తీరిగ్గా అడిగినట్టు అడిగాడు.

"బాపు ముత్తాదుకు గూడ నువ్వే వెట్టినవ్ గదా బొట్టు. ఆపిందా?"

వంటింటి గుమ్మంలో రజని గిన్నెతో అట్లాగే నిలబడిపోయింది. మల్లవ్వ కొడుకు మొహం చూడలేదు. తన ఉంగరం వేలి కొసన ఇంకా ఉన్న ఎరుపును చూసుకుంది. కాసేపు అట్లా చూసి, ఆ వేలిని చీర కొంగుకు తుడుచుకుంది. పండుగ చీరకు మరక పడుతుందని కూడా చూసుకోలేదు. తర్వాత లేచి పెరటి వైపు వెళ్లింది.

సాయంత్రం వీధివాళ్లంతా జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కిపోయారు. మల్లవ్వ అరుగు మీద కూర్చుని అందరి దగ్గరా తీసుకుంది, అందరి తలల మీదా చెయ్యి పెట్టింది. మధుకర్ ముందుగదిలో దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి బొట్లు తుడుస్తూ కూర్చున్నాడు. జమ్మికి పోలేదు. ఆకు తెస్తే ఆమె చేతిలో పెట్టాలి, పెడితే ఆమె ఏదో ఒకటి దీవించాలి. ఆ రెండూ జరగడానికి వీల్లేదని ఆయనకు తెలుసు. చేసిన తప్పు అప్పటికే తెలిసింది. ఎట్లా దిద్దుకోవాలో మాత్రం తెలియలేదు.

మూడు బండ్లకు బొట్టు పోయేదాకా రుద్దాడు. బొట్టుతోపాటు రంగు కూడా పోయి తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. నాలుగోదాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

రజని వచ్చి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. పొద్దున అత్త తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తల మీద కొంగు కప్పుకుని కూర్చుందట. ఒక్కో బండినీ ఒళ్లో పెట్టుకుని పసిపిల్లకు మొహం తుడిచినట్టు తుడిచిందట. ఒక్కోదానికి బొట్టు పెడుతూ, నా కొడుకును దేశం దాటనీయకు అని పన్నెండు సార్లూ పెదవులు కదిపి గొణుక్కుందట. చూసేసరికే అయిదారు అయిపోయాయని, పండుగ పూట ఆమెను ఆపడానికి తనకు నోరు రాలేదని చెప్పింది. మధుకర్ పుల్ల కింద పెట్టేసి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

మర్నాడు ఆయన పన్నెండింటినీ దూది వేసిన మిఠాయి డబ్బాలో సర్ది జగిత్యాల వెళ్లాడు. వెళ్లకుండా ఫోన్‌లో చెప్పేయవచ్చు. కానీ మూడు నెలల పనిని చూడకుండానే వద్దనిపించుకోవడం మనసొప్పలేదు. సంచిలో పాస్‌పోర్టు కూడా పెట్టుకున్నాడు. అక్కడి పని అయ్యాక అటునుంచి అటే ఏజెంటు దగ్గరికి పోవచ్చుననుకున్నాడు.

అరుణ్ అత్తగారిల్లు పాతకోట వైపు. డాబా మీద గదిలో కూర్చోబెట్టాడు. ముప్పై ఏళ్లుంటాయి, కళ్లద్దాలు, నెమ్మదస్తుడు. డబ్బా మూత తీసి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. మధుకర్ వాన సంగతి, వార్నిష్ సంగతి, దసరా సంగతి గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. అరుణ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. ఒక బండిని కంటి ఎత్తుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. బొట్టు మీద ఫోన్ లైటు వేసి చూశాడు. ఫొటోలు తీసి ఎవరికో పంపాడు. వాళ్ల దగ్గర్నుంచి టకటకా జవాబులు వస్తున్నాయి. మధుకర్‌కు కుర్చీలో కూర్చోవాలో లేవాలో తెలియలేదు.

"ఇది ఎవరి వేలన్నా," అని అడిగాడు అరుణ్.

"మా అవ్వది సార్."

అరుణ్ చాలాసేపు మాట్లాడాడు. తుప్పు, బురద అందరూ చేస్తారని, తన దగ్గరున్న అన్ని సైన్యాల బండ్లూ అట్లాగే ఉంటాయని చెప్పాడు. వీటిని చూస్తే మాత్రం, యుద్ధానికి పోయే ముందు ఇంట్లో ఎవరో కూర్చుని కడిగి, తిరిగి రావాలని పంపినట్టుందన్నాడు. సందుల్లో పాత మట్టి, పైన శుభ్రం, ముక్కు మీద బొట్టు. దగ్గర్నుంచి చూస్తే బొట్టులో వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇట్లాంటి సైన్యం ఇంకెవరి దగ్గరా లేదని, తన సైన్యమంతా ఇట్లాగే కావాలని అన్నాడు. రంగు పోయిన మూడింటిని పక్కకు జరిపాడు.

"గీ మూడు మళ్ల రంగేసి, గదే బొట్టు పెట్టించి ఇయ్యన్నా. బుధవారం నేను పోతున్న. సేమ్ వచ్చినయనుకో, ఇంకో ముప్పై మొదలువెట్టు," అన్నాడు. మళ్లీ తనే, "గని గదే చెయ్యి కావాలె. నువ్వు వెట్టినా, కుంచెతోని వెట్టినా నాకు తెలిసిపోతది," అన్నాడు.

మధుకర్ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక కూడా కాళ్లు నేల మీద ఆనలేదు. ఏజెంటుకు ఫోన్ చేసి రెండు రోజులు ఆగమన్నాడు. పాస్‌పోర్టు సంచిలోనే ఉంది. మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత బస్సులో కిటికీ పక్క కూర్చున్నాక, గదే చెయ్యి అన్న మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సోమవారం మూడు బండ్లకూ రంగు వేశాడు. సందుల్లో మట్టి నింపి, తడిగుడ్డతో పైపైన తుడిచాడు. అన్నీ మల్లవ్వ చేసినట్టే. మంగళవారం పొద్దున ఒక పాత రెక్క మీద తనే ఉంగరం వేలితో బొట్టు పెట్టి చూశాడు. షార్జాలో జిగురుకు కాలిన వేలు అది, గీతలు లేవు. ఎర్రని మచ్చలా పడింది. రజనితో పెట్టించాడు. చక్కగా, గుండ్రంగా, పెళ్లి శుభలేఖ మీద అచ్చు వేసినట్టు వచ్చింది. అరుణ్ ఫోన్‌కు పంపిన ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎవరైనా వేరని చెబుతారు.

అవ్వను నువ్వు అడుగు అన్నాడు రజనితో. రజని చెయ్యి కడుక్కుంటూ తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"నువ్వన్న మాట నువ్వే తీస్కోవాలె. నేనెట్ల తీస్కుంట."

మల్లవ్వ పెరట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఈ మూడు రోజులూ ఆమె ఎవరితోనూ పంతానికి పోలేదు. వేళకు తిన్నది, పిలిస్తే పలికింది, అడిగినదానికి జవాబు చెప్పింది. అలిగి ఉంటే మధుకర్‌కు బతిమాలడానికి వీలుండేది. ఆయన వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. బండ్లు అరుణ్‌కు నచ్చాయని, నచ్చింది తన పనితనం కాదని, ఆమె బొట్టేనని, ఇంకో మూడింటికి పెడితే తాను షార్జా పోనక్కర్లేదని చెప్పాడు. చెబుతూ నేల వైపే చూశాడు. ఇంత చెప్పాక తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఎదురుచూశాడు. ఏడిస్తే కాళ్లు పట్టుకుందామని సిద్ధంగా ఉన్నాడు.

మల్లవ్వ చేతిలోని ఆకును చుట్టడం పూర్తి చేసి, దారం వేసి, కట్టలో పెట్టింది. "యాడున్నయి?" అని లేచింది.

చెప్పులతోనే ముందుగదిలోకి వచ్చింది. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు కడుక్కోలేదు, వేళ్లకు పొగాకు పొడి అంటుకునే ఉంది. కొంగు తల మీదికి రాలేదు. "ఫొటువ ఉన్నదా?" అంది. మధుకర్ ఫోన్ ఇచ్చాడు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, తాను పెట్టిన బొట్టును ఎవరో పెట్టినదానిలా పరీక్షగా చూసింది.

"పసుపు గింత అడ్డం వచ్చింది. కుంకుమ నడుమ," అంది. "గిది కొంచెం కారింది సూడు. కారాల్నా, వద్దా?"

మధుకర్ ఒకదానికి కారినా ఫరవాలేదన్నాడు.

రజని వంటింట్లోంచి కుంకుమ భరిణె, పసుపు తెచ్చి పెట్టింది. మల్లవ్వ మొదటి బండిని ఎడమచేత్తో పట్టుకుని పసుపు గీసింది, కుంకుమ అద్దింది, పక్కన పెట్టింది. రెండోది. పెదవులు కదలలేదు. మూడోదానికి వేలిని నీళ్లలో ముంచి, కుంకుమ కాస్త జారేట్టు పెట్టి, ఫొటోతో సరిచూసుకుంది. చాలకపోతే ఇంకో చుక్క అద్దింది. అయిదు నిమిషాల్లో పనైపోయింది.

"ఇంకేమన్న ఉన్నయా?" అంది.

మధుకర్ ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. అవ్వా గా దినం నేను, అని మొదలుపెట్టాడు. అప్పుడే తలెత్తి చూస్తే గోడ మేకు బోసిగా ఉంది. ముత్తాదు లేదు. ఆయన చూపును మల్లవ్వ గమనించింది.

"అటుక మీద ఏసిన. పురుగు వడుతాంది దానికి," అంది.

తర్వాత వేలిని పాత పేపరుకు తుడుచుకుంటూ, మామూలుగా, కూర సంగతి మాట్లాడినట్టు మాట్లాడింది.

"నువ్వన్నదాంట్ల అబద్ధమేమున్నది కొడుకా. పెట్టిన, నిజమే. పెట్టిన తొమ్మిదోనాడు పడ్డడు. ఇన్నేండ్ల సంది గా రెండిటిని ఒక్కతాన వెట్టి సూడలే నేను. నువ్వు జెప్పినంక సూసిన. నిజమే అనిపిచ్చింది."

పేపరు మడిచి పక్కన పెట్టి, "నువ్వు పోకుండ ఉంటె గంతే సాలు. ఎన్నున్నా తే, వెట్టి ఇస్త. నాకేం బరువు," అని లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి చేటలో కత్తెర చప్పుడు వినిపించింది. రజని భరిణె మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది. మధుకర్ ఒక్కడే చాలాసేపు బల్ల ముందు నిలబడ్డాడు. ఇల్లు విడిచి పోనక్కర్లేదన్న మాట ఇప్పుడు ఖాయమైనట్టే. ఆ మాట కోసం మూడు నెలలు కళ్లు చెదిరేట్టు పని చేశాడు. దాన్ని తలుచుకుంటే సంతోషం రావాలి. రాలేదు. ఏడేళ్లు దూరం ఉన్నప్పుడు కూడా తల్లి ఇంత దూరం అనిపించలేదు.

బుధవారం పొద్దున మళ్లీ జగిత్యాల. అరుణ్ బ్యాగులు సర్దుకుని ఉన్నాడు. మూడు బండ్లనూ తీసుకుని మిగతా తొమ్మిదింటి మధ్యలో పెట్టాడు. లైటు వేసి చూశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ మనిషి ఇప్పుడు ఏదో తేడా ఉందనాలని, ఇవి వద్దనాలని మధుకర్ ఒక్క క్షణం గట్టిగా కోరుకున్నాడు. పాస్‌పోర్టు పోనీ, షార్జా రానీ, ఎవరో ఒకరు తేడా ఉందని అంటే చాలుననుకున్నాడు.

అరుణ్ పన్నెండింటినీ బల్ల మీద కలగాపులగం చేసి, నవ్వుతూ వెనక్కి జరిగాడు.

"ఏవి పాతవో ఏవి కొత్తవో నాకు దొరుకుతలేదన్నా. నువ్వు చెప్పగలవా?"

మధుకర్ బల్ల వైపు చూశాడు. ఏవి ఆ మూడో ఆయనకు నిలబడ్డచోటి నుంచే తెలుస్తున్నాయి. రంగును బట్టి కాదు, మట్టిని బట్టి కాదు.

"నాకు గూడ తెలుస్తలేదు సార్," అన్నాడు.

అరుణ్ సంతోషంగా ఆయన భుజం తట్టాడు. ముప్పై బండ్లు మొదలుపెట్టమన్నాడు. డబ్బా మూత పెడుతూ, "అమ్మకు చెప్పన్నా, గిట్లనే వెట్టుమను. ఏం మార్చద్దు," అన్నాడు.

చెప్తానని మధుకర్ తలూపాడు.